క్షమించమని అడిగే దొంగ

పద్మాంకపురం కోట బురుజుల మీద సూర్యకిరణాలు పడితే ముందుగా మెరిసేవి బంగారు పాదాలు. ఇతర రాజ్యాల్లో బురుజు మీద సింహమో, గరుడపక్షో ఉంటుంది. ఇక్కడ పాదాలు. సింహద్వారం మీద పాలరాతి పాదాలు, కూడలిలో కంచు పాదాలు, చిత్రశాల గోడ పొడుగునా పూర్వరాజుల పాదాలు. ఆ చిత్రాల్లో మోకాళ్ళ పైన ఉత్త సున్నమే. ఆస్థాన కవులు ప్రభువుల కాలిగోళ్ళ మీద కావ్యాలు రాశారు, ముక్కు మీద ఒక్క పద్యం రాయలేదు.

ఆ వంశపు మూలపురుషుడి ముఖంలో సూర్యతేజస్సు ఉండేదని, చూసినవాడి కళ్ళు పోయేవని ఎవడో చెప్పాడు. చెప్పినవాడు బూడిదై తరాలు గడిచాయి. నగరం మాత్రం దించిన తల ఎత్తలేదు. రాజకుటుంబం ఎదురైతే పద్మాంకపురంలో ఎంతవాడైనా నేలచూపులు చూడాలి, పాదాలకు మొక్కాలి. యువరాజు ఉదయకేతుడి కుడి పాదం మీద పద్మం ఆకారంలో ఎర్రటి మచ్చ ఉందని ఉయ్యాలలో పిల్లకు కూడా తెలుసు. ఆయనకు కళ్ళు రెండున్నాయో లేదో తెలిసినవాడు లేడు.

ఆ యువరాజు పట్టాభిషేకానికి ముందురోజు ఉదయం స్నానమంటపంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. రత్నపాదుకలు గుమ్మం ముందు అలాగే ఉన్నాయి. వాటిలో ఉండవలసిన పాదాలు లేవు. ఆ గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాడు సింగన్న.

దండనాయకుడు గండభేరుండవర్మ మీసాలు నిమురుకుంటూ వచ్చాడు. ఆయనకు మీసాలు తప్ప మరో సైన్యం అక్కరలేదని ఆయన నమ్మకం.

"ఏరా సింగా, రేపు మధ్యాహ్నం ముహూర్తం. ఆ వేళకు యువరాజు కనబడకపోతే నీ తల అంజనం కాలి కింద ఉంటుంది. తెలిసిందా?"

అంజనం అంటే పట్టపుటేనుగు. సింగన్నకు తెలిసింది.

తర్వాత దండనాయకుడు నగరమంతా గాలించాడు. గాలించడమంటే, ఊళ్ళో ప్రతి మగవాణ్ణీ వీధిలో నిలబెట్టి కాళ్ళు కడిగించడం. భటులు బారులు తీరి వంగి వంగి చూశారు. ఆనెలు కనిపించాయి, విరిగిన గోళ్ళు కనిపించాయి, చక్కిలిగింతకు పడిపోయిన ముసలివాళ్ళు కనిపించారు. పద్మం కనిపించలేదు. యువరాజును వెతికి తెచ్చినవాడికి మహామంత్రి పదవి ఇస్తామని సాయంత్రానికి చాటింపు వేశారు.

సింగన్నకు ఇంట్లో ఏడ్చేవాళ్ళు లేరు. భార్య పోయి చాలా కాలమైంది. పొయ్యి మీద పిల్లి కూడా పడుకోని ఇల్లు అది. చావు గురించి అతనికి పెద్ద బెంగ లేదు. కానీ తను కాపలా ఉన్నచోట మనిషి మాయమయ్యాడన్న మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది. తెల్లవారగానే గాజులవీధి చివర ఉన్న జాడల చెంగమ్మ ఇంటికి వెళ్ళాడు.

చెంగమ్మ కొండలకు అవతల వింజసీమ నుంచి వచ్చిన మనిషి. తప్పిపోయినవాళ్ళను వెతికిపెట్టడం ఆమె వృత్తి. పెళ్ళిపీటల మీంచి పారిపోయిన వరులు, అలిగి వెళ్ళిపోయిన మామగార్లు, దారి తప్పిన గేదెలు, అన్నీ ఆమెకు ఒకటే. ద్వారబంధమంత మనిషి. కొప్పులో కొయ్యదువ్వెన, బుగ్గన వక్క. ఆమె ముందు ఒక ఇల్లాలు కూర్చుని గోడు చెప్పుకుంటోంది.

"నిన్న పట్టపగలమ్మా. ప్రహరీ మీంచి పిల్లిలా దిగాడు. నేరుగా వంటింట్లోకి వచ్చి, నగలు దాచిన బియ్యపు గాదె ముందు నిలబడ్డాడు. మా అత్తగారికి కూడా తెలియదు అక్కడ నగలున్నట్టు. నిలబడి నాకు దండం పెట్టాడు."

"దండమెందుకే?"

"'తల్లీ, క్షమించండి, ఇది నా పని కాదు' అన్నాడు. ఏమీ ముట్టుకోలేదు. మళ్ళీ గోడెక్కి పోయాడు. పోతూ పోతూ ఇంకోసారి క్షమించమన్నాడు."

"మరి పోయిందేమిటి?"

"పరువు. పక్కింటికీ అలాగే వచ్చాట్ట. ఆవిడ తన నగలు చూసి వదిలేశాడంటే నకిలీవి అనుకుంటారని ఏడుస్తోంది. నా సంగతీ అదేగా. వాడెవడో పట్టుకుని, నావి అసలువేనని వాడి చేత చెప్పించు."

"చెప్పిస్తాలే, పో" అంది చెంగమ్మ.

సింగన్న తన సంగతి చెప్పాడు. చెంగమ్మ వక్క నమలడం ఆపింది.

"మనిషి ఎలా ఉంటాడు?"

"కుడి పాదం మీద పద్మం. వేళ్ళు తామరమొగ్గల్లా ఉంటాయి. మడమ శంఖంలా..."

"కాళ్ళు కాదు నాయనా. మొహం."

"చూడలేదు."

"ముక్కు?"

"చూడలేదు."

"నువ్వు కాపలా కాసింది యువరాజునా, మేజోళ్ళనా?"

సింగన్న కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకునే తీరిక లేదు. "నువ్వు వెతికిపెడితే ఏమివ్వాలో చెప్పు అక్కా."

"పని అయ్యాక నేను చెప్పిన పని ఒక్కటి చెయ్యాలి. ఎందుకని అడగకూడదు."

"సరే."

"నిన్న స్నానమంటపంలోకి ఎవరెవరు వెళ్ళారు?"

ఆ ప్రశ్నకు సింగన్న దగ్గర జవాబుంది. "రాజపాదవైద్యుడు శుష్కజంఘుడు. ఎండిన చింతబరికెల్లాంటి పిక్కలు, ఆయనవే. వెంట తైలం పాత్ర మోస్తూ శిష్యుడు. వాడివి పగుళ్ళు తేలిన కాళ్ళు, ఎడమ చిటికెనవేలు వంకర. ప్రతి ఉదయం యువరాజుకు పాదమర్దనం చేస్తారు. కాసేపటికి ఆ రెండు జతలే బయటికి వచ్చాయి. ఇంకెవరూ రాలేదు, పోలేదు."

"ఆ శిష్యుడు ఎలా నడిచాడు?"

సింగన్న కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. కాపలావాడిగా అతనికి లోటు లేదు, చూడవలసిన దిశలోనే లోటు. "పోయేటప్పుడు అడుగు చప్పుడే లేదు. పిల్లి నడక. వచ్చేటప్పుడు తూలాడు. ఇంకొకరి చెప్పులు తొడుక్కున్నవాడిలా మడమ పక్కకు మడిచాడు. తైలం తొక్కాడనుకున్నాను."

చెంగమ్మ లేచి కొంగు దోపింది. "కాళ్ళు అవే వచ్చాయి. మనిషి మారాడు. ఎలాగో నాకు తెలియదు, కానీ మారాడు. పిల్లి నడక నడిచే దొంగ మీ ఊళ్ళో ఎవడు?"

"పిల్లిపాదం పోతడు. వాడి మొహం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చిరిగిన చెవి, మెల్లకన్ను. వాణ్ణి పట్టుకుంది నేనే, నుదుటి మీద కాకికాలు వాత పెట్టిందీ నేనే. వాడి మొహం ఈ ఊళ్ళో ప్రతి భటుడికీ కంఠతా వచ్చు. దానికే నాకు కోటలో కొలువిచ్చారు. తర్వాత వాడు చెర తప్పించుకున్నాడు."

"వాడి కాళ్ళెలా ఉంటాయి?"

"దొంగ కాళ్ళు ఎవడు చూస్తాడక్కా?"

చెంగమ్మ అతనివైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది.

అప్పుడే వీధిలో చాటింపు మోగింది. పాదవైద్య శిఖామణి శుష్కజంఘులవారు తమ మంత్రశక్తితో యువరాజును కనుగొన్నారు. మధ్యాహ్నం పాదదర్శనం, పట్టాభిషేకం. శుష్కజంఘులవారే మహామంత్రి. సింగన్న గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. చాటింపు ఇంకా అయిపోలేదు. యువరాజును శత్రువులకు అప్పగించబోయిన ద్రోహి సింగన్న పట్టాభిషేకానంతరం ప్రజల వినోదార్థం అంజనం కాలి కింద వేయించబడును.

పీల్చిన ఊపిరి అక్కడే ఉండిపోయింది.

"ఇక మనిద్దరికీ చేతినిండా పని" అంది చెంగమ్మ. "ఆ క్షమించమనే దొంగ నిన్న ఈ వరసలోనే ఇల్లు తర్వాత ఇల్లు దిగాడు. వరస చివర ఉన్నది ధాన్యం వర్తకుడి మేడ. పద."

మేడ అందంగా ఉంది. చందనపు కిటికీలు, నీలపురాయి చూరు, చూరు కింద పచ్చని చిలుకల గూళ్ళు, పిట్టగోడ మీద వరసగా మల్లెకుండీలు. ఆ కుండీల మధ్య ఒక యువకుడు నడుస్తున్నాడు. నడుస్తున్నాడనడం సరికాదు. అతని కాళ్ళు నడుస్తున్నాయి, తక్కిన మనిషి వాటి వెంట బలవంతాన వెళ్తున్నాడు. రెండు చేతులతో కుండీలు పట్టుకుని ఆపుకోబోతే కుండీలు రాలిపడుతున్నాయి. పడిన ప్రతి కుండీకీ కింద ఉన్నవాళ్ళను క్షమాపణ అడుగుతున్నాడు.

సింగన్న ఒక్క ఉరుకులో గోడెక్కాడు. యువకుడి కాళ్ళు అతన్ని పసిగట్టాయి. అంతే, పరుగు లంకించుకున్నాయి. మేడ మీంచి పక్కింటి చూరు మీదికి, చూరు మీంచి పందిరి మీదికి, పందిరి మీంచి వీధిలో వెళ్తున్న గడ్డిబండి మీదికి. "అయ్యా, పట్టుకోండి, దయచేసి పట్టుకోండి" అని దొంగే కేకలు వేస్తుంటే, వెనక భటుడు రొప్పుతూ పరిగెత్తడం ఆ వీధి అంతకుముందు చూడలేదు. బండి మలుపు తిరిగింది. మలుపులో చెంగమ్మ నిలబడి ఉంది. ఆమె పరిగెత్తలేదు. ఆమె పరిగెత్తదు. తప్పించుకునేవాడు ఎటు వస్తాడో అటు ముందే నిలబడటం ఆమె పద్ధతి. చెయ్యి చాచి యువకుణ్ణి నడుం పట్టుకుని అరటిగెలలా దింపింది. కాళ్ళు గాలిలో తన్నుకుంటూనే ఉన్నాయి. సింగన్న బండివాడి పలుపుతాడుతో వాటిని కట్టేశాడు.

అప్పుడు ఆ మొహంలోకి చూశాడు. లేత గడ్డం, అలసిన కళ్ళు, అబద్ధం చెప్పడం చేతకాని నోరు. వీడు పోతడు కాడు.

"అయ్యా, మీకు శ్రమ ఇచ్చాను" అన్నాడు యువకుడు. "నేను ఉదయకేతుణ్ణి. నిన్నటినుంచి చెప్తున్నాను. అందరూ నా పాదాలు చూసి నవ్వుతున్నారు. ఒకాయన కొట్టారు కూడా."

సింగన్న తల చటుక్కున వంగింది. వంగిన తల కింద పగుళ్ళ కాళ్ళు, వంకర చిటికెనవేలు కనిపించాయి. వాటికి మొక్కాలో వద్దో తెలియక తల మళ్ళీ లేచింది. లేచాక సంగతి గుర్తొచ్చి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు.

"అయిపోయింది. మొహం చూశాను. కళ్ళు పోయాయి."

"చేతులు తీసి చూడు" అంది చెంగమ్మ.

తీశాడు. బండి కనిపించింది, గడ్డి కనిపించింది, చెంగమ్మ కొప్పులో దువ్వెన కనిపించింది. "ఇంకా పోలేదు. నెమ్మదిగా పోతాయేమో."

యువరాజు జరిగింది చెప్పాడు. పాదమర్దనం చేస్తూ శుష్కజంఘుడు చీలమండలకు నల్లదారాలు కట్టాడు. ఏదో గొణిగాడు. నొప్పి లేదు, నెత్తురు లేదు. పాదుకలు విడిచినంత సులువుగా పాదాలు ఊడి వచ్చాయి. శిష్యుడి పాదాలూ అలాగే వచ్చాయి. మార్చి తొడిగాడు. యువరాజు కాళ్ళు తొడుక్కున్న శిష్యుణ్ణి తైలం గాబులో దాచి, శిష్యుడి కాళ్ళు తొడుక్కున్న యువరాజు చేత తైలపుపాత్ర మోయించి బయటికి నడిపించాడు. కోట దాటాక వదిలేశాడు.

"చంపలేదేం?" అంది చెంగమ్మ.

"నేను పోతే నా పాదాలూ పోతాయట. మచ్చ వాడిపోతుందట. అమావాస్య దాటేదాకా అంతే. ఆ తర్వాత ఎవరు తొడుక్కున్నవి వారికే శాశ్వతం అన్నాడు."

"నువ్వు అరవొచ్చుగా నాయనా, గుమ్మంలో ఈయన ఉన్నాడుగా."

"అరిచాను తల్లీ. 'సింగన్నా, నేను' అని. ఈయన నా పాదాలు చూసి, పోరా పో అన్నారు."

సింగన్న యువరాజు భుజం మీది గడ్డిపరకలు దులిపాడు.

అతనికి ఒకటి మాత్రం మనసుకు పట్టింది. ఈ పిల్లవాణ్ణి ఊరు కొట్టింది, నవ్వింది, ఎంగిలినీళ్ళు పోసింది. ఒక్కరినీ తిట్టలేదు. దొంగ కాళ్ళు ఇల్లిల్లూ తిప్పితే ప్రతి ఇంట్లో చేతులు జోడించాడు. గాదెలో నగలు చేతికి అందుతున్నా ముట్టుకోలేదు. సింగన్న తన కొలువులో ఎన్నో పాదాలకు మొక్కాడు. మొదటిసారి పాదాల పైన ఉన్నదానికి మొక్కాలనిపించింది. మొక్కాడు.

"ఇప్పుడు కోటలోకి ఎలా వెళ్ళడం?" అన్నాడు. "సింహద్వారం దగ్గర నన్ను పట్టుకుంటారు. ఈయన కాళ్ళు చూసి ఈయన్ని తరుముతారు."

"దొంగ కాళ్ళుండగా ద్వారంతో ఏం పని?" అంది చెంగమ్మ. "పలుపు విప్పు. ఒక కొస ఈయన నడుముకు కట్టు, ఇంకో కొస నీ నడుముకు కట్టుకో. మధ్యలో నేను పట్టుకుంటాను."

విప్పగానే కాళ్ళు బయలుదేరాయి. వాటికి కోట కొత్త కాదు. అగడ్త పక్కన తుంగలో దూరాయి, ఎవరికీ తెలియని తూములో వంగాయి, ఏనుగులశాల వెనక తేలాయి. అక్కడ అంజనం స్నానం చేసి, నుదుట సిందూరం పెట్టించుకుని, కాలికి వెండి కడియం తొడిగించుకుని సింగన్న కోసం సిద్ధంగా ఉంది. సింగన్న దాని కాలు చూసి పక్కకు తప్పుకున్నాడు. కాళ్ళు వంటశాల గోడెక్కాయి. పాకశాల పొగగూటి మీంచి అంతఃపురం మిద్దె మీదికి దూకాయి. చెంగమ్మ పొగగూటి దగ్గర ఆగి కిందికి చూసింది, ఊపిరి బిగబట్టింది, దూకింది. అంత మనిషి అంత తేలిగ్గా దూకడం చూసి సింగన్న తన దూకుడు మరిచాడు. పలుపు బిగిసి అతన్ని లాగేసింది.

కాళ్ళు ఆగిన చోటు రాజమాత మాణిక్యాంబ నగలగది. గది పక్కనే ఆమె పూజామందిరం. వయసు మీద పడి ఆమెకు చూపు పోయింది. చప్పుడు విని తల తిప్పింది.

"అమ్మా, నేను" అన్నాడు ఉదయకేతుడు.

ఆమె చేతులు చాచింది. మొహం తడిమింది. నుదురు, కనుబొమలు, ముక్కు. "నిన్నంతా ఎక్కడికి పోయావురా? ఇవాళ దొరికావన్నారు, ఆ వైద్యుడేమో నువ్వు మౌనవ్రతంలో ఉన్నావని, దగ్గరికి రానివ్వనన్నాడు" అంది. పద్మాంకపురంలో ఆ ముఖం తెలిసినది ఆ రెండు చేతులకే.

"తల్లీ, ఈ మాట సభలో చెప్పాలి" అంది చెంగమ్మ.

సభామంటపం చూసి తీరవలసింది. స్ఫటికపు స్తంభాల్లో దీపాలు వేలకొద్దీ ప్రతిఫలిస్తున్నాయి. ముత్యాల జాలర్ల కింద సామంతులు, పట్టుపంచెల్లో పండితులు, అగరుధూపం మబ్బుల్లా. అందరి తలలూ పండిన వరికంకుల్లా వంగి ఉన్నాయి. ఇంత వైభవాన్ని అక్కడ ఎవరూ చూడటం లేదు. సింహాసనం ముందు బంగారు పీట మీద రెండు పాదాలు. కుడి పాదం మీద ఎర్రటి పద్మం. పక్కన శుష్కజంఘుడు కొత్త మంత్రి శాలువాతో, చింతబరికె పిక్కలతో.

రాజమాత కొడుకు చెయ్యి పట్టుకుని నడిచి వచ్చింది. కాళ్ళు పారిపోకుండా చెంగమ్మ వెనకనుంచి పలుపు బిగించి పట్టుకుంది.

"నా కొడుకు ఇడుగో. అక్కడ కూర్చున్నది ఎవరో నాకు తెలియదు" అంది రాజమాత.

సభ కలకలలాడింది. వంగిన తలలన్నీ వంగినచోటే ఆమె పక్కనున్న పాదాల కోసం వెతికాయి. పగుళ్ళు, మట్టి, వంకర వేలు. ఎవరో నవ్వారు.

శుష్కజంఘుడు కంఠంలో కరుణ తెచ్చిపెట్టుకున్నాడు. "దిగులుతో అమ్మవారి మతి చలించింది. అమ్మా, మీ చేతులతో మీరే చూడండి."

ఆమె చెయ్యి తీసుకుని పీట మీది పాదాల మీద పెట్టాడు. పసితనంలో ఆముదం రాసి పెంచిన పాదాలు. ఆమె వేళ్ళు ఆ మచ్చ మీద ఆగాయి. మొహం తెల్లబోయింది. "ఇవి వాడివే" అంది, మెల్లగా. "ఇవీ వాడివే." ఆ తల్లి ఒక చెయ్యి కొడుకు చెంప మీద, ఒక చెయ్యి కొడుకు పాదం మీద ఉంచుకుని, మధ్యలో ఏం జరిగిందో తెలియక నిలబడిపోయింది.

"ఆ ద్రోహి సింగన్న కూడా వచ్చాడు" అన్నాడు శుష్కజంఘుడు. "దండనాయకా, అంజనాన్ని తెప్పించండి. మన పని సులువైంది."

భటులు సింగన్న భుజాలు పట్టుకున్నారు. తోటివాళ్ళే. వాళ్ళ తలలూ వంగే ఉన్నాయి. బయట ఏనుగు గంటలు వినిపించాయి.

చెంగమ్మ అతని చెవి దగ్గర అంది. "నా పని అయింది సింగన్నా. మనిషిని వెతికిపెట్టాను. నాకివ్వాల్సింది ఇయ్యి."

"ఏం చెయ్యాలి?"

"తల ఎత్తు. ఆ సింహాసనం మీద ఎవడున్నాడో చూడు."

సింగన్న మెడ కదల్లేదు. ఎవడున్నాడో అతనికి తెలుసు. మనసుకు తెలుసు, మెడకు తెలియదు. సభలో తల ఎత్తినవాడికి కత్తివేటే. పైగా అతనికి ఇంకో అనుమానం. యువరాజు ముఖం చూసినా కళ్ళు పోలేదంటే, తేజస్సు పాదాలతోపాటు అటు వెళ్ళిపోయిందేమో. అది ఇప్పుడు అక్కడ కూర్చున్నవాడి దగ్గరుందేమో. పద్మాంకపురంలో పుట్టినవాడి మెడ తల ఎత్తకుండా ఉండటానికి ఎన్ని కారణాలైనా వెతుక్కుంటుంది.

ఉదయకేతుడు సింగన్నతో అన్నాడు. "వద్దులెండి. మీ ప్రాణం పోతుంది. నాకోసం ఇప్పటికే చాలా శ్రమపడ్డారు."

ఆ మాటతో సింగన్న తల ఎత్తాడు.

పీట, పాదాలు, పట్టుధోవతి, నవరత్నాల హారం. దానిపైన కనుబొమల దాకా లాగిపెట్టిన కిరీటం. కిరీటం కింద మెల్లకన్ను. ఒక చెవి చిరిగి ఉంది. సింగన్నకు కళ్ళు పోలేదు. పైపెచ్చు ఇంత బాగా అవి ఎప్పుడూ పనిచేయలేదు.

"ఏరా పోతా" అన్నాడు, వీధి మలుపులో పాత దొంగను పలకరించినట్టు. "కిరీటం కాస్త పైకి జరుపు. నేను పెట్టిన వాత ఎలా మానిందో చూద్దాం."

రాజు పేరు చెబితే తల దించే నగరమది. దొంగ పేరు చెప్పగానే సభలో ఉన్న ప్రతి భటుడూ తల ఎత్తాడు. అలవాటు. వాళ్ళ మెడలకు అది కూడా నేర్పిందే. భుజాలు పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. "పోతడే," "పిల్లిపాదం పోతడే రోయ్" అన్న మాట స్తంభం నుంచి స్తంభానికి పాకింది. భటుల వెనక సామంతులు ఎత్తారు. సామంతుల వెనక పండితులు, ఒక కన్ను మూసుకుని, పోతే ఒకటే పోతుందని.

పోతడు దిగ్గున లేచాడు. ఇన్నాళ్ళు అతన్ని ఎవరూ పట్టలేకపోయింది ఆ పరుగువల్లే. కానీ ఇప్పుడు పరిగెత్తవలసినవి యువరాజు పాదాలు. అవి జన్మలో పారిపోలేదు. కుడి పాదం గంభీరంగా ఒక మెట్టు దిగింది. ఆగింది. మొక్కులందుకోవడానికి ఎప్పుడూ ఆగినట్టే ఆగింది. ఎడమ పాదం దిగింది. మళ్ళీ ఆగింది. పోతడు నడుం ముందుకు వంచి, చేతులు కొట్టుకుంటూ, కాళ్ళను బూతులు తిడుతూ, ఊరేగింపు నడక నడుస్తున్నాడు. గండభేరుండవర్మ కత్తి దూశాడు. ఎవరిని నరకాలో తేల్చుకునేలోగా ఆలస్యమైంది.

శుష్కజంఘుడు తైలపుపాత్ర నేలకేసి కొట్టాడు. నీలిమంట లేచింది. సింహాసనం పైనున్న ముత్యాలగొడుగు గబ్బిలంలా రెక్కలు విప్పింది. ఒక చేత్తో గొడుగుకర్ర, ఒక చేత్తో పోతడి జుట్టు పట్టుకున్నాడు. గవాక్షపు స్ఫటికాలు భళ్ళున రాలాయి. గొడుగు ఆకాశంలో నల్లకొండల దిక్కుగా దూసుకుపోయింది. పోతడి కాళ్ళు, కాదు, ఉదయకేతుడి కాళ్ళు గాలిలో ఊగుతూ కనిపించాయి. ఎర్రటి పద్మం చివరిసారి మెరిసి మబ్బుల్లో కలిసింది.

సభ ఒక్కసారిగా ఉదయకేతుడివైపు తిరిగింది. మొదటిసారి నగరం తన యువరాజు ముఖం చూసింది. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మొక్కుదామంటే పాదాలు దొంగవి.

"ముక్కు వాళ్ళ నాన్నదే" అంది రాజమాత, ఎవరూ అడగకపోయినా.

చెంగమ్మ చేతిలో పలుపు ఒక్కసారి బిగిసింది. ఆమె కిందికి చూసింది. పగుళ్ళ కాళ్ళు నేలను గోకుతున్నాయి. వంకర చిటికెనవేలు నల్లకొండలవైపు తిరిగి ఉంది.

"చూశావా సింగన్నా" అంది. "వీటికి తమ మనిషి ఎటు పోయాడో తెలుసు. అమావాస్యకు ఇంకా గడువుంది."

"సైన్యాన్ని సిద్ధం చేయిస్తాను" అన్నాడు దండనాయకుడు.

"తమరు ఇక్కడే ఉండి మీసాలు చూసుకోండి" అంది చెంగమ్మ.

అప్పటికే కాళ్ళు కదిలాయి. ఉదయకేతుడు కిటికీ అంచు మీదికి ఎగిరాడు, తల్లివైపు తిరిగి చేతులు జోడించాడు, "క్షమించమ్మా" అంటూండగానే అవతలికి మాయమయ్యాడు. పలుపు వెంట చెంగమ్మ. ఆమె దూకాక కిటికీ చట్రం కాసేపు ఊగింది.

సింగన్న తన వంతుకు కిటికీ దాకా వచ్చాడు. ఆ మంటపంలో ఇన్నేళ్ళు కాపలా కాశాడు. కప్పు నిండా నెమళ్ళు చిత్రించి ఉన్నాయని, వాటి మధ్య నీలాకాశం కూడా రాసి ఉందని ఇవాళే చూశాడు. బాగున్నాయి. భార్య బతికి ఉండగా ఒక్కసారి తీసుకొచ్చి చూపించవలసింది అనుకున్నాడు.

పలుపు బిగిసింది. దూకాడు.